కాకి తన్నిన తలకాయ

ఉద్యోగం కొత్తగా దొరికిన ఆ కాలంలో నాకు పక్షులంటే రెండే రకాలు: కూరకు పనికొచ్చేవి, పనికిరానివి. ఇప్పుడు ఆదివారమొస్తే మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని చెరువు కట్టల వెంట తిరుగుతూ, కనబడిన ప్రతి కొంగనూ పేరు పెట్టి పలకరించే ఈ మనిషేనా ఆ మాట అంటున్నదని మీరు అడగవచ్చు. ఈ మనిషే. బుద్ధి మారడానికి కొందరికి గురువు కావాలి, కొందరికి పుస్తకం కావాలి. నాకు నడినెత్తిన ఒక కాకి ముక్కు కావలసి వచ్చింది. (అది ముక్కో, కాలిగోళ్ళో నేటికీ తేలలేదు. దెబ్బ తిన్నవాడు తల పట్టుకుని వెనక్కి తిరిగేసరికి, కొట్టినది కరెంటు తీగ మీద కూర్చుని, ఈ ఊరికే కొత్త అన్నట్టు రెక్కలు దువ్వుకుంటూ ఉంటుంది.)

మా ఇల్లు హిందూపురంలో. నాయన ఒక నూలు మిల్లులో ఫిట్టరు. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. అక్కకు పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళిపోయింది. ఇంటి ముందు ఒక కానుగ చెట్టు, ఆ చెట్టుకు అవతల ఒక వెల్డింగు అంగడి. దాని యజమానిని వీధి మొత్తం వెల్డింగు మామ అనే పిలిచేది. నేను డిగ్రీ అయిందనిపించుకుని, ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో పనికి కుదిరాను. పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి వెళ్ళడం, తెల్లటి పరుపు మీద మోకాళ్ళేసి కూర్చుని వచ్చినవాళ్ళకు చీరలు విప్పి చూపడం, సాయంత్రం మళ్ళీ బండెక్కి రావడం. కొంగు ఎలా ఉంటుందో చూపించడానికి చీరను నా భుజం మీదే వేసుకోవాలి. నాది కానుగ గింజల నూనె దీపం పైన పట్టిన మసిలాంటి రంగు. 'వీని ఒంటి మీద ఏ రంగు చీరైనా ఎత్తి కనపడతాది, అందుకే షావుకారు వీణ్ణి తీసుకున్నాడు' అని మా అవ్వ ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. నేను మాత్రం నా డిగ్రీని చూసి తీసుకున్నారని అనుకునేవాణ్ణి.

ఆ ఎండాకాలం కానుగ చెట్టు మీద ఒక కాకుల జంట గూడు కట్టింది. కట్టిందనడం తక్కువ మాట, ఫ్యాబ్రికేషన్ చేసింది. పుల్లలు పేరుకే, గూడంతా వెల్డింగు అంగట్లోంచి ఎత్తుకుపోయిన కట్టుతీగ ముక్కలే. ఊళ్ళో కాకులు ఇలా ఇనుప తీగలతో గూళ్ళు కట్టుకోవడం మామూలేనని నాకు తర్వాత తెలిసింది గానీ, వెల్డింగు మామకు అప్పుడే తెలిసి కడుపు మండిపోతూ ఉండేది. "నేను ఈడ కిటికీ చేస్తాంటే అవి ఆడ మేడ కడతాండాయి గదప్పా!" అని రోజూ చెట్టుకేసి చెయ్యి చూపేవాడు. కాకులు ఆ మాట వింటూనే ఇంకో తీగ ముక్క ముక్కున కరుచుకుని పోయేవి.

ఒక ఆదివారం ఉదయం గాలి బాగా వీచింది. చెట్టు కింద చూస్తే ఒక పిల్ల పడి ఉంది. ఇంకా ఈకలు సరిగా రాలేదు, ముళ్ళలాగా పొడుచుకుని ఉన్నాయి. ఒళ్ళంతా నోరే. ఆ ఎర్రటి నోరు తెరిచి నావైపు చూసింది. పట్టుచీరల అంగట్లో పనిచేసేవాడి మనసు మెత్తబడి ఉంటుంది కదా, నాకు జాలి ముంచుకొచ్చింది. వెల్డింగు మామ దగ్గర నిచ్చెన తెచ్చి, పిల్లను చేతిలో పెట్టుకుని ఎక్కి, గూట్లో దించాను. కిందికి దిగుతూ, లోకంలో ఇంకా మంచితనం మిగిలి ఉందని నా గురించి నేనే అనుకుంటున్నాను. అప్పుడు పడింది మొదటి దెబ్బ.

కాకుల వైపు నుంచి ఆలోచిస్తే వాటి తప్పేమీ లేదు. వాటి కళ్ళకు కనబడిందల్లా ఒక నల్లటి మనిషి, వాడి చేతిలో తమ బిడ్డ. అంతకుముందు ఏమి జరిగిందో వాటికి అక్కర్లేదు. కాకి ఒకసారి చూసిన ముఖాన్ని ఏళ్ళ తరబడి మరిచిపోదు. తాను పగబట్టిన ముఖాన్ని తోటి కాకులకు కూడా చూపి పెడుతుంది. పిల్లలున్న రోజుల్లో గూడు దగ్గరికి ఎవరొచ్చినా వెనకనుంచి వచ్చి తలమీద తన్నుతుంది, ఎదురుగా ఎప్పుడూ రాదు. ఇవన్నీ ఇప్పుడు ఎవరైనా అడిగితే తీరిగ్గా చెప్పగలను. అప్పుడు మాత్రం ఒక్కొక్క సంగతినీ ఒక్కొక్క దెబ్బకు నేర్చుకున్నాను.

మరునాడు ఇంట్లోంచి కాలు బయట పెట్టానో లేదో ఒకటి వచ్చి తన్నింది. ఆ మరునాడు రెండూ వచ్చాయి. తర్వాత ఆ గూటితో ఏ సంబంధమూ లేని వీధి చివర కాకులు కూడా చందా వేసుకున్నట్టు చేరాయి. చొక్కాను బట్టి గుర్తు పడుతున్నాయేమోనని నాయన చొక్కా వేసుకుని పోయాను, తన్నాయి. నాయన నా చొక్కా వేసుకుని చెట్టు కింద అటూ ఇటూ నడిచాడు. ఒక్కటి కూడా తలెత్తి చూడలేదు. "నీ మొగంలోనే ఏదో ఉండాదిరా," అన్నాడు నాయన. వెనకనుంచే వస్తాయని కనిపెట్టాక, ఇంటి గడప దగ్గర నుంచి వీధి మలుపు దాకా చెట్టుకేసి చూస్తూ వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాను. అది కొంత పనిచేసింది. కానీ అలా వెనక్కి నడుస్తూ పోయి ఒక ఉదయం పాలబండిని గుద్దుకున్నాక, వీధి మొత్తం నాకు దూరంగా నడవడం మొదలుపెట్టింది.

చివరికి వెల్డింగు మామ తన పాత మోటారు సైకిలు హెల్మెట్ ఇచ్చాడు. దాన్ని పెట్టుకుని, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని, నడుచుకుంటూ స్టేషనుకు పోయేవాణ్ణి. దారిలో కనిపించిన ప్రతివాడూ ఒకటే అడిగేది: "బండి యాడ పెట్టినావప్పా?" కాకుల భయంతో ప్లాట్‌ఫారం మీద కూడా తీసేవాణ్ణి కాదు. బండి ఎక్కాకనే తీసి పైన సామాన్ల పలక మీద పెట్టేవాణ్ణి. ఒకరోజు అక్కడే మరిచిపోయి దిగిపోయాను. మరుసటి ఉదయం ఉత్త తలతో బయటికి రాగానే, అన్నాళ్ళూ హెల్మెట్ మీద వృథా అయిపోయిన కోపమంతా ఒకేసారి తీరింది. రక్తం వచ్చింది. అమ్మ పసుపు అద్ది, ఆ పైన గుడ్డ చుట్టి కట్టు కట్టింది. అలాగే బండెక్కి పనికి పోయాను.

ఆ రోజు కొత్తచెరువు వైపు నుంచి ఒక పెళ్ళివాళ్ళు వచ్చారు. పెళ్ళికూతురు, ఆమె తల్లి, పిన్నమ్మలు, అందరికీ పెద్దగా ఒక ముసలామె. బండెడు చీరలు విప్పించారు. పెళ్ళికూతురికి ఒక ఎర్రచీర నచ్చింది. ముసలామె కొంగు చేత్తో తడిమి చూస్తూ, తల పైకెత్తి నన్ను చూసింది.

"ఏమప్పా, తలకాయకి ఏమాయ?"

సగం అడిగితే మొత్తం చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. "కాకి తన్నిందవ్వా," అన్నాను.

చీర మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. "కాకా?"

"ఊఁ. రోజూ తంతాంటుంది. ఈ రోజే కొంచెం గట్టిగా తగిలింది."

కాకి తలమీద తన్నడం ఎంత చెడ్డ శకునమో మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. అది శనీశ్వరుడి వాహనం. తన్నితే మనిషికి చావు దగ్గరపడిందని లెక్క. అటువంటి తలకాయ పక్కనున్న భుజం మీదనే ఆ పెళ్ళిచీర అప్పటిదాకా పరిచి ఉంది. ముసలామె కొంగు వదిలేసి లేచింది. ఆమె వెనక పిన్నమ్మలు లేచారు. చీరనే చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్న పెళ్ళికూతుర్ని రెక్క పట్టుకుని లేపారు. చెప్పులేసుకుంటూ ముసలామె షావుకారుతో అన్నమాట ఒకటే: "మంచి అంగడి అని వస్తిమి గదప్పా."

మా షావుకారు కోపిష్టి కాదు. కోపమొస్తే గొంతు ఇంకా తగ్గించే రకం. నన్ను పక్కకు పిలిచి, "చూడప్పా, ఇది పెండ్లి చీరలంగడి," అన్నాడు. "నువ్వు మంచోడివి. పని బాగ చేస్తాండావు. కానీ ఆ దోషం పోగొట్టుకోని రా. అంతవరకూ రావాకు." దోషం ఎలా పోతుందని అడిగాను. "మీ ఇంట్లో పెద్దోళ్ళు లేరా? వాళ్ళకు తెల్సుంటాది," అన్నాడు. తలవంచుకుని మధ్యాహ్నం బండికే హిందూపురం వచ్చేశాను. నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఒక కాకి పాలయిందని ఇంట్లో చెప్పేసరికి, అమ్మ ఏడ్చింది, నాయన నవ్వబోయి అమ్మను చూసి ఆగిపోయాడు, అవ్వ మాత్రం చాలా తృప్తిగా, "నేను మొదటి రోజే అనుకుంటి," అంది.

ఇక్కడినుంచి కొంత కథ నాకు తెలియకుండా జరిగింది. తర్వాత అమ్మ చెబితే తెలిసింది. నేను నిద్రపోయానని చూసుకుని అవ్వ పంచాయితీ పెట్టింది. కాకి తన్నిన దోషానికి పాతకాలం నుంచీ ఒకటే విరుగుడు ఉంది. తన్నించుకున్నవాడు చచ్చిపోయాడని చుట్టాల్లో ఎవరికైనా కబురు పంపాలి. వాళ్ళు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో రావలసిన చావు వచ్చి వెళ్ళిపోయినట్టే. ఆ వెంటనే, ఉత్తదేలెమ్మని చెప్పేయవచ్చు.

"ఎవరికి చెప్పేది?" అంది అమ్మ.

"ఎవరు నిజంగా ఏడుస్తారో వాళ్ళకు," అంది అవ్వ.

ఇది అందరూ అనుకున్నంత సులభంగా తేలలేదట. అక్కకు చెబుదామంటే ఆమె అప్పుడు కడుపుతో ఉంది. సోమందేపల్లి చిన్నాన్న పేరు వచ్చింది గానీ, "వాడు యాడ ఏడుస్తాడు, వీని సైకిలు ఎవరికి ఇస్తాండారు అని అడుగుతాడు," అని అవ్వ కొట్టేసింది. నా స్నేహితుల పేర్లు వచ్చాయి. వాళ్ళు నమ్మరని అమ్మ అంది, నమ్మినా ఏడవరని నాయన అన్నాడు. (నేను తర్వాత విని బాధపడ్డది ఈ భాగానికే.) ఆఖరికి అవ్వ, "పెనుకొండ దానికి చెప్పల్ల," అంది.

పెనుకొండ అత్త నాయనకు సొంత అక్క. నేను పుట్టిన కొత్తలో అమ్మకు కామెర్లు వస్తే, నన్ను ఎత్తుకుపోయి నడక వచ్చేదాకా సాకింది ఆమె. ఆమెకు పిల్లలు లేరు. నేను మొదటిసారి 'అమ్మా' అన్నది కూడా ఆమెనేనట. అలాంటి అత్త మా అక్క పెళ్ళి ఆల్బం వచ్చిన నాటి నుంచీ మా గడప తొక్కలేదు. ఆ పెళ్ళిలో ఆమె వంటవాళ్ళ దగ్గర కూర్చుని ఓళిగలు కాలుస్తూ ఉండగా, ఇక్కడ మండపంలో ఫోటో అతను "ఇంటోళ్ళంతా రాండప్పా" అన్నాడు. ఇంటివాళ్ళంతా నిలబడ్డాం. అత్తను పిలవాలని ఎవరికీ తోచలేదు. ఆల్బం వచ్చాక ఆమె ఆ ఫోటో చూసింది, ఆల్బం మూసింది, ఆ సాయంత్రమే బస్సెక్కింది. నాయన వెంటనే పోయి ఉంటే సరిపోయేది. ఇంత చిన్నదానికా అని ఆయన పోలేదు. ఇంత చిన్నదానికి కూడా రాలేదా అని ఆమె రాలేదు. అలా కొన్నేళ్ళు గడిచిపోయాయి.

"నేను చెయ్యను ఫోను," అన్నాడట నాయన. "ఇన్నేండ్ల తర్వాత అక్కతో మాట్లాడితే, అబద్ధంతోనా మొదలుపెట్టేది?"

"నిన్ను ఎవరు చెయ్యమనిరి?" అంది అవ్వ.

మరుసటి ఉదయం నన్ను లేపి, తలకు స్నానం చేయించి, లేపాక్షికి పోయి గుడిలో దీపం పెట్టి రమ్మని బస్సెక్కించారు. చచ్చిపోయినవాడు ఇంట్లో తిరుగుతూ ఉంటే కబురు పనిచేయదని అవ్వ లెక్క. నేను వెళ్ళగానే వెల్డింగు మామను పిలిపించారు. చెప్పవలసింది చాలా చిన్న మాట. 'మీ అల్లుడు పోయినాడమ్మా' అనాలి, ఆమె ఏడవగానే 'ఉత్తదేనమ్మా, కాకి తన్నింది' అని చెప్పాలి. అయితే వెల్డింగు మామ వయసులో ఉన్నప్పుడు నాటకాలు వేసిన మనిషి. చేతికి ఫోను, ఎదురుగా వినేవాళ్ళు దొరికేసరికి ఆగలేకపోయాడు. గొంతు వణికించాడు. 'తలకాయ' అన్నాడు, 'రక్తం' అన్నాడు, 'ఆఖర్లో నీ పేరే తలుచుకున్నాడమ్మా' అన్నాడు. అవతల ఒక కేక వినిపించింది. ఫోను కింద పడిన చప్పుడైంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా గంట మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు.

"ఏడ్చింది గదా, చాలు," అని అవ్వ లేచి మజ్జిగ తాగింది.

నాయన మాత్రం చొక్కా తొడుక్కుని, మోపెడ్ తీసి, ఎవరితోనూ చెప్పకుండా పెనుకొండ దారి పట్టాడు.

ఇవేవీ తెలియని నేను, లేపాక్షి గుడిలో దీపం పెట్టి, పూజారి ఇచ్చిన పూలదండ చేత్తో పట్టుకుని, నొసట ఇంత కుంకుమ, తలకు కట్టుతో మధ్యాహ్నానికి హిందూపురం బస్టాండులో దిగాను. ఒక బెంచీ చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. లోపల ఎవరో ఆడమనిషి గుండెలు బాదుకుని ఏడుస్తోంది. ఆమె ముఖం కనబడటం లేదు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"బంగారట్లాంటోడు కదమ్మా! నిమ్మపండు మాదిరి తెల్లగా ఉండె నాయనా! సదువులో ఫస్టు! ఒక్క దినమన్నా పెద్దోళ్ళకి ఎదురు సెప్పినోడు కాదే!"

పక్కనే శనక్కాయలు అమ్మే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "ఎవరంటమ్మా?" అని అడిగాను.

"మేనల్లుడంటప్పా. వయసు పిల్లోడంట. చీరలంగట్లో పనంట. తలకాయ పగిలి పాయనంట పాపం."

నాలాంటి ఉద్యోగమే చేసేవాడు, నా వయసువాడు. లోపల ఆమె ఏడుస్తూనే ఉంది. "అంగట్లో వాడు లేకుంటే యాపారమే నడ్సదంట కదే! నోట్లో నాలిక లేని పిల్లోడు! కాకికి గూడా అన్నం పెట్టేటోడే!" అంత మంచివాడికి అంత చిన్న వయసులో చావేమిటని నాకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. నేను వాడిలో సగం మంచిగా కూడా లేనే అని ఒక సిగ్గు కూడా వేసింది. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన నా చేతిలో దండ చూసి, "నువ్వు గూడా ఆడికేనా అప్పా? ఈమెను తోడుకోని పో," అన్నాడు. కాదని చెప్పబోతుండగా లోపలినుంచి ఇంకో కేక వచ్చింది.

"ఓ నా గుండన్నా!"

నన్ను గుండన్న అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. చిన్నప్పుడు నేను ఉండలాగా ఉండేవాణ్ణని అత్త పెట్టుకున్న పేరది. జనాన్ని తోసుకుని ముందుకు పోయాను. బెంచీ మీద జుట్టు విరబోసుకుని, ఒక కాలికే చెప్పుతో, మా అత్త.

"అత్తా!" అన్నాను.

ఆమె తలెత్తింది. ఏడుపు నడిమధ్యలో ఆగిపోయింది. నా ముఖం చూసింది, నొసటి కుంకుమ చూసింది, తలకట్టు చూసింది, చేతిలో పూలదండ చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా చూపు దించి నా కాళ్ళు చూసింది. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా. నావి ముందుకే ఉన్నాయి. ఆమెతో పాటు చుట్టూ ఉన్నవాళ్ళందరూ వంగి నా కాళ్ళే చూశారు.

"పోయినావంట గదరా!" అంది అత్త.

"పోయొచ్చినా అత్తా," అన్నాను. "లేపాక్షికి."

నా చెంప మీద పడిన ఆ దెబ్బ ముందు కాకుల దెబ్బలు ఎందుకూ చాలవు. కొట్టిన చేత్తోనే లాక్కుని, నా తలను గుండెకు అదుముకుని, కట్టు మీదనే ముద్దులు పెడుతూ మళ్ళీ మొదటినుంచీ ఏడ్చింది. శనక్కాయలామె ఏడుస్తూ నవ్వింది. పెనుకొండ నుంచి ఆమెను తెచ్చిన బస్సు కండక్టరు దూరంనుంచి, "దావ పొడుగునా బస్సంతా ఏడిపించింది కదప్పా ఈమె! వీడు చూస్తే దండేసుకునే దానికి వచ్చినట్ల ఉండాడు!" అని అరిచాడు. "తెల్లగా అంటిరి గదమ్మా?" అని ఎవరో అడిగారు. అత్త కళ్ళు తుడుచుకుని, "ఎండకు తిరిగి ఇట్లయినాడు," అంది.

ఆటోలో ఇంటికి వచ్చాం. గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏడిస్తివా?" అంది అవ్వ.

"ఏడిస్తి."

"అయితే రా. కాళ్ళు కడుక్కో."

అత్త రాలేదు. బయట అరుగు మీదే కూర్చుంది. అమ్మ వచ్చి బతిమాలింది, నేను చెయ్యి పట్టి లాగాను, కదల్లేదు. వెల్డింగు మామ తన అంగడి షట్టరు సగం దించుకుని లోపలే ఉండిపోయాడు. నాయన ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. నాకు లోపల భయంగా ఉంది. ఆమె అలాగే లేచి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతే, నా దోషం పోయినా ఈ ఇంటికి ఆమె మళ్ళీ రావడం ఉండదు.

పొద్దు వాలే వేళకు మోపెడ్ చప్పుడైంది. నాయన ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. బండి స్టాండు వేస్తూ అరుగు మీద అక్కను చూశాడు. వేసిన స్టాండు సరిగా పడలేదు, బండి పక్కకు ఒరిగి పడిపోయింది. ఎత్తలేదు.

"వస్తివా అక్కా," అన్నాడు.

అత్త ఆయన వైపు చూడకుండానే అడిగింది. "పిల్లోడు సచ్చిపోతే గూడా వెల్డింగోనితో సెప్పిస్తావా? నాకు ఒక ఫోను చేసేదానికి నీకు నోరు రాలేదా?"

"పోలేదు గదక్కా వాడు."

"పోయింటే?"

నాయన అరుగు దగ్గరికి వచ్చాడు. "పోయింటే నేనే వచ్చుందును. ఇప్పుడు గూడా నేనే వస్తి. నీ ఇంటికాడ నుంచే వస్తాండా. తలుపు తెర్సిపెట్టి, పొయ్యి మీద అన్నం వదిలేసి పోయింటివి. అన్నం మాడిపాయ. దించి, తలుపేసి వస్తి."

అత్త మొదటిసారి తలతిప్పి ఆయనను చూసింది. "బీగం ఏస్తివా?"

"బీగం చెవి యాడుందో నాకేం తెలుసు? పక్కింటామెను చూసుకోమంటి."

"బియ్యం డబ్బాలో ఉంటాది. నీకు చిన్నప్పటి నుంచి ఏదీ ఎతికేది రాదు," అంటూ అత్త లేచింది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. ఎవరూ క్షమించమని అడగలేదు, ఎవరూ క్షమించలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె అవ్వను తిట్టిన తిట్లకు మాత్రం అంతు లేదు. అవ్వ ప్రతి తిట్టుకూ తలూపుతూ, ఇంకొంచెం చారు పోసుకుంది. అవ్వ తన కూతురి పేరు చెప్పింది నా దోషం పోవడానికేనా అని నాకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది. అడిగితే చెప్పే మనిషి కాదు ఆమె.

తెల్లవారి అత్త, నన్ను తన్నిన కాకులను చూడాలంది. నేను గడప దాటగానే అలవాటు ప్రకారం ఒకటి దూసుకొచ్చింది. అత్త వాకిలి ఊడ్చే పొరకతో అడ్డం నిలబడి, "నా అల్లుణ్ణి తంతావే!" అని అరిచింది. కాకి పక్కకు తప్పుకుని గోడ మీద వాలింది. అక్కడ కూర్చుని ఉంది నేను గూట్లో పెట్టిన పిల్ల, ఇప్పుడు బాగా ఎదిగి. నోరు తెరిచి గోలగోలగా అరుస్తుంటే కాకి దాని గొంతులో ఏదో కుక్కుతోంది. నేను రోజూ తల కాపాడుకోవడమే పనిగా ఉండి, ఆ పిల్లను సరిగా చూడనే లేదు. గోధుమ వన్నె ఒళ్ళు, ఒంటినిండా తెల్లటి చుక్కలు. ఏ వైపునుంచి చూసినా అది కాకి కాదు.

"ఇది కోయిల పిల్ల గదరా!" అంది అత్త.

అమ్మ వచ్చి చూసింది, నాయన వచ్చి చూశాడు, షట్టరు ఎత్తి వెల్డింగు మామ వచ్చి చూశాడు. అవును, కోయిలే. మగకోయిల గూటి దగ్గరికొచ్చి కూసి కాకులను రెచ్చగొట్టి తన వెనక తరుముకొచ్చేలా చేస్తుందట. ఆ సందులో ఆడకోయిల గూట్లో గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. కాకి గుడ్ల కంటే ఆ గుడ్డే ముందు పగులుతుంది. ఇనుప తీగలతో ఇల్లు కట్టగలిగి, మనుషుల్లో ఒక్కొక్క ముఖాన్ని గుర్తుపట్టగలిగిన కాకికి, తన నోటితో తినిపిస్తున్న బిడ్డ తనది కాదని మాత్రం తెలియదు. తెలిసినా పట్టించుకోదేమో, మనకేం తెలుసు! "పరాయి పిల్ల కోసమా నన్ను ఇంత తన్నింది!" అని నేను వాపోయాను. అత్త పొరక కింద పడేసింది. "సాకేటప్పుడు ఎవరి పిల్ల అని ఎవరు చూస్తారు," అంది. లోపలికి పోయి గుప్పెడు అన్నం తెచ్చి గోడ మీద పెట్టింది.

ఆమె నాతోపాటు ధర్మవరం కూడా వచ్చింది. షావుకారు నన్ను చూడగానే అడిగాడు, "ఎవరన్నా ఏడ్చినారా?" అని. నేను నోరు తెరిచేలోపు అత్తే, "నేనే ఏడిస్తి. బస్టాండంతా ఏడ్చింది. ఇంక వీనికి నూరేండ్లు," అంది. షావుకారు గంభీరంగా తలూపి, పరుపు మీద నా చోటు చూపించాడు. ఆ ఎండాకాలం అయ్యేలోపు కోయిల పిల్ల ఎగిరిపోయింది. కాకుల పగ మాత్రం మరుసటి ఏడాది కూడా నిలిచింది, కాకపోతే అప్పటికి నేను వాటి కోసం ముందే గోడ మీద అన్నం పెట్టి, అవి తింటున్నంత సేపట్లో వీధి మలుపు దాటడం నేర్చుకున్నాను. ఆ కొద్దిసేపూ నిలబడి చూడటం మొదలుపెట్టాకే నాకు పక్షుల పిచ్చి పట్టుకుంది.

అత్తకు ఇప్పుడు చెవులు సరిగా వినిపించవు. ఎవరైనా ఆ బస్టాండు సంగతి ఎత్తితే, తాను ఏడ్చిన మాట మాత్రం ఒప్పుకోదు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం, ఆ గుంపు వెనక పూలదండ పట్టుకుని నిలబడి, ఎవరో పరాయివాడనుకుని తన కోసం తానే కన్నీళ్ళు పెట్టుకున్న ఆ కుర్రవాడు తరచూ కళ్ళముందుకు వస్తాడు. ఎంత మంచివాడు పోయాడో కదా అని పాపం నిజంగానే ఏడ్చాడు. అంతటి పిల్లవాడు ఎప్పుడూ లేడని నాకు తెలుసు. అయినా నలుగురిలో మాట తూలబోయినప్పుడో, ఇంట్లో విసుక్కోబోయినప్పుడో అత్త ఏడుపులోని ఆ పిల్లవాడు గుర్తొస్తాడు. అలాంటివాడు ఒకడు నిజంగా ఉండి ఉంటే ఎంత బాగుండేదోనని, ఈ నెరిసిన జుట్టుతో కూడా, నాలో నేనే నవ్వుకుంటాను.